శనివారం లిస్టు

నా చెవులు మందగించాయని నాకు తెలిసింది కరెంటు పోయినందువల్ల.

ఆదోనిలో నేను పనిచేసేది ఒక జిన్నింగు మిల్లు ఆఫీసులో. పత్తి నుంచి గింజలు వేరు చేసే మిషన్లు పక్క షెడ్డులో వరసగా తిరుగుతుంటాయి. సీజనులో పొద్దున ఎనిమిదికి మొదలైతే ఆ మోతకు ఆఫీసు కిటికీ రెక్కలు కూడా అదురుతుంటాయి. ఆ మోతలో ఎవరైనా గొంతు పెంచే మాట్లాడాలి కాబట్టి నాకు అందరి మాటలూ శుభ్రంగా వినిపించేవి. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మిషన్లు ఆగాయి. అందరూ హమ్మయ్య అనుకుని గొంతులు దించి కబుర్లలో పడ్డారు. నాకు పెదాలు కదలడం తప్ప ఏమీ తెలియలేదు. ఎదురుగా ఇద్దరు ఏదో చెప్పుకుని నవ్వితే నేను కూడా నవ్వాను. దేనికి నవ్వానో ఈ రోజుకీ నాకు తెలియదు.

కరెంటు వచ్చింది, మోత మొదలైంది, మాటలు తిరిగి వచ్చాయి. నాకు మాత్రం భయం పట్టుకుంది. ఎందుకంటే ఈ దారి నాకు ముందే తెలుసు. మా అమ్మ ఈ దారినే నడిచింది.

మా పుట్టిల్లు ఎమ్మిగనూరులో మగ్గాల వీధి. అత్తవారిల్లూ ఆ ఊర్లోనే, రోజూ ఆదోనికి బస్సులో వచ్చిపోతాను. నాయన గుంట మగ్గంలో కూర్చుని నేస్తుంటే అమ్మ మూలన రాట్నం తిప్పుతూ నూలు కండెలు చుట్టేది. నా తర్వాత తమ్ముడు పుట్టినాక అమ్మకు వినికిడి తగ్గడం మొదలైంది. నాకు ఊహ తెలిసేసరికి దాదాపు పోయింది. నాయన ఆమెను పిలవాలంటే మగ్గం గుంజను కాలితో తన్నేవాడు. ఆ అదురు నేలలోంచి పాకి అమ్మ కూర్చున్న పీటకు తగిలేది. ఆమె తలెత్తి చూసేది. మాకది మామూలే, పిలవడమంటే అదే. వీధిలో మాత్రం మాది చెవిటామె ఇల్లు. ఉత్తరం ఇచ్చే మనిషి నుంచి పాలు పోసే ఆమె దాకా అందరికీ అదే గుర్తు.

నా పెళ్లి మాటల్లో మా అత్త ఒక్కటే అడిగింది. "మీ ఆడమనిషికి పుట్టుకతోనే ఇట్లనా?" అని. "లేదమ్మా, మగ్గం మోతకు అట్లయినాది" అన్నాడు నాయన. మాట తడబడకుండా అనేశాడు. అత్త కూడా మగ్గాల ఇంట పుట్టినామే. ఆ మాట నమ్మిందో, నమ్మినట్టు ఊరుకుందో నేను అడగలేదు. ఇప్పుడు నాకు పాప పుట్టి ఆరేళ్లు. నా చెవులకు మగ్గం మోతను కారణంగా చెప్పడానికి నేను ఏనాడూ మగ్గంలో దిగలేదు.

భయం ఉన్నవాళ్లు ముందు చేసే పనే నేనూ చేశాను. ఫోనులో వెతికాను. పేరుకు నా ఫోనే గాని అది ఇంట్లో అందరిదీ. పాప పాటలు చూస్తుంది, అత్త పంచాంగం చూస్తుంది, నందవరంలో ఎరువుల అంగట్లో పనిచేసే మా ఆయన తన ఫోను చార్జింగులో పెట్టి నాది తీసుకుంటాడు. నేను చెవుల గురించి వెతికింది ఒక్కసారే. మరునాటి నుంచి పాప పాటల మధ్యలో చెవి మిషన్ల ప్రకటనలు రావడం మొదలైంది. ఒక ముసలాయన చెవిలో బఠాణీగింజంత వస్తువు పెట్టుకుని మనవరాలిని చూసి మురిసిపోతుంటాడు. "అమ్మా, ఇదేంది? చెవిలో ఏం పెట్టుకుంటాండాడు?" అని పాప అత్త ముందే అడిగింది. "పాటలు వినేదిలే" అని ఫోను లాక్కున్నాను. అది వారం రోజులు నన్ను వదల్లేదు. అప్పులవాడయినా ఆదివారం పూట ఊరుకుంటాడు, ఆ ముసలాయన ఊరుకోలేదు.

ఇక మిగిలింది ఆఫీసు కంప్యూటరు. అక్కడ ఒక చిక్కు ఉంది.

మా మిల్లు సావుకారికి ఇంటర్నెట్టు మీద పెద్ద అనుమానం. పత్తి ఉన్నచోట నిప్పు, బీడీ, ఫోను మూడూ ఉండకూడదని ఆయన నియమం. గేటు దగ్గర వాచ్‌మన్ గదిలో గూళ్ల పెట్టె ఉంటుంది. కూలీలైనా, ఆఫీసువాళ్లయినా ఫోను అక్కడ పెట్టి లోపలికి రావాలి. ఆఫీసులో కంప్యూటర్లు నాలుగు. ఒక సీజనులో ఎవరో పనివేళ క్రికెట్టు చూస్తూ దొరికారు. అంతే, బస్టాండు దగ్గర కంప్యూటర్ల అంగడాయన్ను పిలిపించి గోడకు ఒక నల్ల డబ్బా పెట్టించాడు. ఆ రోజు నుంచి సినిమాలు, పాటలు, ఆటలు అన్నీ బంద్. పత్తి రేట్లు, బ్యాంకు, పన్నులు, రైలు టికెట్లు, అడ్డం పెట్టని మిగతావి మాత్రం తెరుచుకుంటాయి. అది కాక ఆ డబ్బా ప్రతి శనివారం ఒక లిస్టు పంపుతుంది. ఏ నంబరు కంప్యూటరు నుంచి ఏ సైటుకు పోయారో వరసగా ఉంటుంది. ఆ లిస్టు ప్రింటు తీయడం నా పని. సావుకారి ఎర్ర పెన్సిలు పట్టుకుని చదువుతాడు. తర్వాత దాన్ని నీళ్ల ఫిల్టరు పక్కన బోర్డుకు గుచ్చడం కూడా నా పనే. నీళ్లు తాగడానికి వచ్చిన ప్రతివాడూ చదువుకుంటాడు.

అయినా నాకొక ధైర్యం. బ్రౌజరు మూలన మూడు చుక్కలు నొక్కితే ఒక నల్ల కిటికీ తెరుచుకుంటుంది. టోపీ, కళ్లద్దాలు పెట్టుకున్న మనిషి బొమ్మ ఉంటుంది. అందులో చూసింది ఎక్కడా మిగలదని కాలేజీలో అందరూ అనుకునేవాళ్లం. ఆ బొమ్మ కింద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, మీరు చూసేది మీ యజమానికి తెలియవచ్చు అని రాసే ఉంటుంది. బీకాం చదివి, పదకొండేళ్లు కంప్యూటరు ముందు కూర్చున్న నేను ఆ రెండు వరసలు ఏనాడూ చదవలేదు.

నా కంప్యూటరు నాలుగో నంబరు, ద్వారానికి ఎదురుగా ఉంటుంది. మూడో నంబరు చాచాది. దాని తెర గోడవైపు తిరిగి ఉంటుంది. చాచా అంటే మా ఆఫీసులో అందరికంటే పెద్దాయన. అరవై దాటింది. మార్కెట్ యార్డు నుంచి మా ఏజెంటు ఆఫీసు ల్యాండ్‌లైనుకు ఫోను చేసి పత్తి లాటు నంబరు, రేటు చెబుతుంటే ఆయన విని రాసుకుంటాడు, ఒక్క అంకె పొల్లుపోదు. ఏజెంటు గొంతులో తటపటాయింపు ఉంటే "మళ్లీ చూసి చెప్పు" అని పెట్టేస్తాడు. నలభై ఏళ్లుగా ఆ ఫోను ఆయనదే. మధ్యాహ్నం ఒంటిగంటకు నమాజుకు వెళ్లి రెండింటికి వస్తాడు. మా ఆఫీసులో నీ కుర్చీ నా కుర్చీ అని ఎవరూ పట్టింపు పెట్టుకోరు. ఒకరి డబ్బాలో మరొకరం తింటాం, ఖాళీగా ఉన్న కంప్యూటరు ముందు ఎవరు కూర్చున్నా అడగరు. రోజూ ఆ గంటసేపు నేను చాచా కుర్చీలో కూర్చుని నల్ల కిటికీ తెరిచేదాన్ని. చెవుల సైట్లకు ఆ డబ్బా అడ్డం పెట్టలేదు. పత్తి మిల్లులో ఎవరైనా చెవుల గురించి వెతుకుతారని ఎవరనుకుంటారు?

ఆ గంటలు నాకు ఎంత బలమిచ్చాయో చెప్పలేను. ఒక చేత్తో జొన్నరొట్టె తింటూ ఇంకో చేత్తో పేజీలు జరిపేదాన్ని. చెవి లోపల బియ్యపుగింజ కంటే చిన్న ఎముక ఒకటి ఉంటుందట. కొందరికి అది బిగుసుకుపోతుందట. ఆడవాళ్లలో ఎక్కువట, కాన్పు తర్వాత కొందరికి ముదురుతుందట. తల్లి నుంచి బిడ్డకు రావచ్చట. మోత ఉన్నచోట బాగా వినిపించి, నిశ్శబ్దంలో వినిపించకపోవడం దాని గుర్తుల్లో ఒకటట. ఆ వరస రెండోసారి చదివాను. నా సంగతి తెలిసినవాళ్లెవరో కూర్చుని రాసినట్టే ఉంది. కింద ఇంకో మాట ఉంది. దీనికి చెవి మిషను పనిచేస్తుంది, చాలామందికి ఆపరేషను కూడా ఉంది అని. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో కర్మ అనుకున్నదానికి ఒక పేరుంది, ఒక మందుంది. నేను చాచా కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. పక్కనున్నాయన అడిగితే పచ్చిమిరపకాయ అని చెప్పాను.

శనివారం లిస్టు ప్రింటరులోంచి వస్తుంటే మామూలుగా చూడను. ఆ రోజు ఎందుకో చూశాను. మూడో నంబరు కింద నేను పోయిన ప్రతి సైటు పేరూ ఉంది. ఒక్కటీ తప్పిపోలేదు. కాగితం దాచేద్దామనుకునేలోపే సావుకారి కేక వినిపించింది. ఆయనది ఎప్పుడూ కేకే. మిల్లు ఆగినా, నడిచినా, పక్కనున్న మనిషితో కూడా గోడకవతల ఉన్నవాడితో మాట్లాడినట్టే మాట్లాడతాడు. దొరతనం అనుకునేవాళ్లం.

ఆయన కళ్లద్దాలు ముక్కుమీదికి జార్చుకుని చదివాడు. మూడో నంబరు దగ్గర పెన్సిలు ఆగింది.

"ఏమ్మా, ఈ హియరింగు హియరింగు అని ఇన్నితూర్లు ఉండాదే, ఏందిమా అది?"

అబద్ధం చెప్పడానికి నాకు ఒక్క క్షణం కూడా దొరకలేదు. "వినికిడి సార్. చెవులకు సంబంధించింది" అన్నాను.

ఆయన పెన్సిలు కింద పెట్టి, అద్దం తలుపులోంచి చాచావైపు చాలాసేపు చూశాడు. "అదీ సంగతి! నేను అనుకుంటానే ఉండా. ఈ మధ్య ఆ మనిషి మాట సరిగ్గా తెలిసి సావడంల్యా. గొణుగుతాండాడు. చెవులు పోయినోళ్లు అట్లనే గొణుగుతారు" అన్నాడు.

నేను నోరు తెరవలేదు. సిగ్గుపడుతూ రాస్తున్నాను, కాని నిజం. నోరు తెరవలేదు.

లిస్టు బోర్డుకెక్కింది. నీళ్లు తాగినవాళ్లందరూ చదివారు. సోమవారం నుంచి ఆఫీసులో కొత్త వింత మొదలైంది. చాచా పాపం బాధపడతాడని ఎవరూ ఏమీ అనరు, కాని అందరూ ఆయన ముందు గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టారు. "చాచా! టీ! తాగుతావా!" అని ఒకరు. "చాచా! ఆ ఫైలు! ఇట్లియ్యి!" అని ఇంకొకరు. టీ తెచ్చే ఆమె ఆయన చెవి దగ్గరకు వంగి మరీ "చక్కెర!" అని అరిచింది. ఆయన మొదట ఉలిక్కిపడ్డాడు. తర్వాత అందరినీ వింతగా చూశాడు. తర్వాత ఒక్కసారి బోర్డు దగ్గరకు వెళ్లి, లిస్టు చదివి, వచ్చి కూర్చున్నాడు. ఎప్పటిలాగే యార్డు రిజిస్టరు ముందేసుకున్నాడు.

అసలు తమాషా ఏమిటంటే, ఆ అరుపులన్నీ నాకు వినిపించాయి. కరెంటు పోయినా వినిపించాయి. మిల్లు ఆగిన సాయంత్రాలు కూడా వినిపించాయి. ఎన్నో నెలల తర్వాత ఆఫీసులో ఎవరు ఏమన్నారో, ఎవరు ఎవరిని ఆటపట్టించారో అన్నీ తెలిసి, నవ్వాల్సిన చోట నవ్వాను. ఒక ముసలాయన మీద పడిన నిందను తివాచీలాగా పరుచుకుని మూడు వారాలు హాయిగా కూర్చున్నాను. సాయంత్రం ఎమ్మిగనూరు బస్సెక్కాక మాత్రం నా మొహం నాకే చూడబుద్ధయ్యేది కాదు.

ఆ మధ్యలో ప్రింటరుకు ఇంకు మార్చడానికి కంప్యూటర్ల అంగడాయన వచ్చాడు. ఎవరి కోసమో అడిగినట్టు అడిగాను. "అన్నా, నల్ల కిటికీలో చూసినా లిస్టులో పడతాదా?"

ఆయన నవ్వాడు. "పడకేం అక్కా. ఆ కిటికీ ఉండాది సూడు, అది మన ఇంట్లో మన అడుగులు మనం తుడుచుకునేదానికి. మన తర్వాత ఆ కుర్చీలో కూచున్నోనికి తెల్వదు, అంతే. వీధి చివర్న ఒకడు కూచుని ఉంటాడు కదా, ఈ డబ్బా, వాడు అన్నీ రాసుకుంటాండాడు. యా వాకిట్లోంచి బయల్దేరినారు, యా వాకిట్లోకి పోయినారు, ఎన్ని గంటలకు, అంతవరకే. లోపల ఏం చదివినారో తెల్దు, పోయింది ఎవరో అదీ తెల్దు."

"మరి ఎవరికీ తెలియకుండా చూసేదానికి దారిలేదా?"

"ఉండాయి గాని ఆఫీసు మిషన్లో అవి పెడితే లిస్టులో ముందు అదే పడతాది, ఇంకా పెద్ద తంటా. ఆఫీసు దారిలో పోతే ఆఫీసుకు తెలుస్తాది. సొంత పని సొంత ఫోన్లో, సొంత డేటాతో చూసుకోవల్ల. ఫోనుకు తాళం పెట్టుకోవల్ల. ఇంతకూ ఎవరికక్కా?"

"తెలిసినవాళ్లకు" అన్నాను.

ఇలా ఎంతకాలం గడిచేదో గాని, నాలుగో శనివారం సావుకారి నన్ను లోపలికి పిలిచాడు. చాచా కూడా అక్కడే నిలబడి ఉన్నాడు.

"సోమవారం నుంచి యార్డు ఫోను నువ్వు చూసుకోమ్మా" అన్నాడు సావుకారి. "చిన్నదానివి. చెవులు పాము చెవులు. రేట్లలో ఒక్క అంకె అటూ ఇటూ అయితే మునిగిపోతాము. చాచాను గోడౌను రిజిస్టర్ల మీద ఏస్తాండా. ఆడైతే వినే పని ఉండదు."

ఫోనుకు పెదాలుండవు. నేను చూసి చదువుకోవడానికి ఏమీ ఉండదు. కాని అంతకంటే గోడౌను మాట నన్ను కుదిపేసింది. అక్కడ దూది ధూళి మంచులా రాలుతుంటుంది. చాచాకు చలికాలం వస్తే ఆయాసం. జేబులో పీల్చే మందు లేకుండా గడప దాటడు. ఆ మనిషి ఆ గదిలో ఒక సీజను కూడా నిలబడలేడని నాకు తెలుసు, సావుకారికి తెలుసు, అందరికంటే బాగా చాచాకు తెలుసు. ఆయన మాత్రం "సరే సావుకారీ" అన్నాడు. అంతే అన్నాడు.

ఆదివారం పుట్టింటికి వెళ్లాను. అమ్మ రాట్నం దగ్గర కూర్చుని ఉంది. నేను వచ్చింది ఆమెకు తెలియలేదు. నాయన పోయి రెండేళ్లు, తమ్ముడు పనికోసం వేరే ఊర్లో ఉంటాడు, మగ్గం గుంటను మూసేశారు. ఇప్పుడు గుంజను తన్నేవాళ్లు లేరు. నేను ఎదురుగా వెళ్లి కూర్చునేదాకా ఆమె తలెత్తలేదు. ఎన్ని రోజులు ఇలా ఎవరూ పిలవకుండా ఉండిపోయిందో. దాచిపెట్టడం వల్ల మా ఇంట్లో ఎవరికీ ఏ మేలూ జరగలేదని ఆ పూట నాకు తేటతెల్లంగా అర్థమైంది.

సోమవారం పది గంటలకు యార్డు ఫోను మోగింది. దాన్ని నా బల్లమీదికి మార్చారు. అందరూ నావైపే చూస్తున్నారు. మోగనిచ్చాను. రెండోసారి మోగింది.

"ఎత్తుమా!" అని సావుకారి గది తలుపులోంచి అరిచాడు.

నేను లేచి, "చాచా, నువ్వు తీసుకో" అన్నాను. ఆయన కదల్లేదు. "నీ పుణ్యముంటుంది చాచా, తీసుకో" అన్నాను. ఆయన వచ్చి ఎత్తాడు, ఎప్పటిలాగే తల ఒకవైపు వంచి, లాటు నంబర్లు రాసుకోవడం మొదలుపెట్టాడు. మిల్లు మోతలో, ఆ ఏజెంటు గొణుగుడు గొంతులో, ఒక్క అంకె మళ్లీ అడక్కుండా రాశాడు. సావుకారి చూస్తూ నిలబడ్డాడు.

"చాచాకు చెవులు బాగున్నాయి సార్" అన్నాను. "మూడో నంబరులో చూసింది నేను. చెవులు పోతున్నది నాకు. మా అమ్మకూ ఇట్లే పోయినాయి."

జీవితంలో ఆ మాట గట్టిగా అనడం అదే మొదటిసారి. గట్టిగా అంటే నిజంగా గట్టిగా, మిల్లు మోత మీదుగా. టీ తెచ్చే ఆమె గ్లాసులతో అలాగే నిలబడిపోయింది. నేను ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. కడుపులోంచి ఇటుక తీసి పక్కన పెట్టినట్టయింది.

సావుకారి మొహం ఎర్రబడింది. "ముందే ఏంటికి చెప్పల్యా?" అని అరిచాడు.

నాకూ కోపం వచ్చింది. "ఎట్ల చెప్పల్ల సార్? చెప్తే బోర్డు మీద గుచ్చుతారు కదా" అన్నాను.

ఆయన బోర్డు వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం కబురు చేశాడు. ఫోను చాచాదే, నేను నా కుర్చీలోనే ఉండాలి, కర్నూలులో చెవుల డాక్టరు దగ్గరకు పోవడానికి ఎన్ని రోజులు కావాలంటే అన్ని రోజులు సెలవు తీసుకోవచ్చు. అది కూడా నలుగురికీ వినిపించేలా అరిచే చెప్పాడు.

చాచా కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు. "ఛీ ఛీ, ఏం పని బేటీ ఇది!"

"నీకు తెలియదు చాచా, నేనే..."

"నాకు మొదటి వారమే తెలుసు" అన్నాడాయన. "లిస్టులో టైములు ఉంటాయి కదా. ఒకటింబావు, ఒకటిన్నర. ఆ టైములో నేను యాడ ఉంటా? మసీదులో ఉంటా. నా కుర్చీలో జొన్నరొట్టె తుంపులు ఎవరివి?"

"మరి అన్ని రోజులు ఎందుకు ఊరుకున్నావు? గోడౌనుకు పొమ్మన్నా ఊరుకున్నావే!"

ఆయన పీల్చే మందు జేబులోంచి తీసి, చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. "అది నీ మాట బేటీ. నువ్వు చెప్పుకునే మాట. నేను చెప్తే చాడీ అవుతాది" అన్నాడు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పాను. మా ఆయన "అందుకేనా, నేను పిలిస్తే పలకవని మనసులో పెట్టుకుంటినే" అన్నాడు. అత్త బియ్యం ఏరుతూ చెయ్యి ఆపలేదు. "మీ నాయన మగ్గం మోత అన్యాడు చూడు, ఆ పొద్దే తెలుసు నాకు. మా ఇంట్లో నాలుగు మగ్గాలుండె, ఎవరికి పోయినాయి చెవులు? పిల్ల బాగుండాది అని చేసుకుంటిమి" అంది. ఏడెనిమిదేళ్లుగా నేను మోస్తున్న మూటలో ఉన్నది ఆమెకు పెళ్లినాడే తెలుసు. నవ్వాలో, కోప్పడాలో తెలియలేదు. రెండూ చేశాను.

ఫోనుకు మాత్రం తాళం పెట్టాను. అత్తకు పంచాంగం చూడాలన్నప్పుడు తీసి ఇస్తాను. ఆమె గొణుగుతుంది. గొణిగితే గొణగనీ.

కర్నూలుకు అమ్మను కూడా తీసుకువెళ్లాను. డాక్టరు గాజు గదిలో కూర్చోబెట్టి చిన్న చిన్న శబ్దాలు పంపి పరీక్ష చేశాడు. నాకు ఆపరేషను చేయొచ్చు, తొందరేమీ లేదు, ఈలోగా మిషను పెట్టుకోమన్నాడు. అమ్మకు ఆలస్యమైంది గాని మిషనుతో కొంత వస్తుందన్నాడు. అక్కడే పెట్టి చూశారు. నేను వెనక నిలబడి "అమ్మా" అన్నాను, మామూలు గొంతుతో. ఆమె వెనక్కి తిరిగింది. నేలమీద ఎవరూ ఏమీ తన్నలేదు. అయినా తిరిగింది. "ఇది నీ గొంతా?" అంది. మా పాపకు ఏటా పరీక్ష చేయించమన్నాడు డాక్టరు. చేయిస్తాను. దాచను.

నా చెవిలోకి బఠాణీగింజంత మిషను వచ్చింది. మొదట్లో ఆఫీసులో అందరూ వంగి చూశారు, వారానికి మర్చిపోయారు. చాచాతో గట్టిగా మాట్లాడడం మానేశారు. ఆయన నమాజుకు వెళ్తూ "ఖాళీ ఉండాది బేటీ, కూచో" అని తన కుర్చీ చూపించి నన్ను ఏడిపించడం అలవాటు చేసుకున్నాడు. లిస్టు మాత్రం శనివారం శనివారం వస్తూనే ఉంది, బోర్డు ఎక్కుతూనే ఉంది. పద్ధతి పద్ధతే అన్నాడు సావుకారి.

ఒక శనివారం ప్రింటు తీస్తున్నాను. మొదటి కాగితం ఒకటో నంబరుది, అంటే సావుకారి సొంత కంప్యూటరు. అందులో పత్తి రేట్లు, దేవుడి సైటు ఒకటి తప్ప ఏమీ ఉండవు కాబట్టి ఎవరూ చదవరు. ఆ రోజు నా చూపు దాని మీద పడింది. వరసగా మూడు పేర్లు. పాత స్నేహితుల్లా గుర్తుపట్టాను. చెవుల సైట్లు. టైము సాయంత్రం ఆరున్నర, ఆరుముక్కాలు, అందరూ ఇళ్లకు వెళ్లిపోయాక. నల్ల కిటికీ తెరిచే చూసి ఉంటాడు. డబ్బా పెట్టించిన మనిషే తన వాకిలి కూడా ఆ వీధిలోనే ఉందన్న సంగతి మర్చిపోయాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ కేకలు, చాచా గొణుగుతున్నాడన్న మాట. సావుకారివి కూడా నలభై ఏళ్లు ఆ మోతలో నిలబడిన చెవులే.

మొదటి కాగితం ఒక్కటే తీసుకుని గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరకు వేసి, ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లద్దాలు జార్చుకుని చదివాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. భోజనాలకని షెడ్డులో మిషన్లు అప్పుడే ఆపారు. తర్వాత బల్లమీదికి వంగి, అద్దం తలుపువైపు ఒకసారి చూసి, గుసగుసగా అడిగాడు.

"ఆ డాక్టరు... యా పొద్దు ఉంటాడుమా?"

నాకు వినిపించింది. ఎన్నో ఏళ్ల తర్వాత నా చెవిన పడిన మొదటి గుసగుస అది. అదీ ఎవరిదంటే మా సావుకారిది. జవాబు చెప్పబోయి ఆగిపోయాను. నేను గుసగుసగా చెబితే ఆయనకు వినిపించదు. ఆయనకు వినిపించేలా చెబితే ఆఫీసు మొత్తానికీ వినిపిస్తుంది. ఆయనకూ అది తట్టినట్టుంది. ముందు ఆయనే నవ్వాడు. నవ్వుతూ ఎర్ర పెన్సిలు నావైపు జరిపాడు.

లిస్టు వెనక్కి తిప్పి రాశాను. 'బుధవారం. పొద్దున తొమ్మిది లోపల పోవాలి. ఎవరినైనా తోడు తీసుకుపోండి.'

ఆయన చదివి, పెన్సిలు తీసుకుని కింద రాశాడు. 'నువ్వు వస్తావా?'

'వస్తాను' అని రాశాను. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు వేసి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

బయటికి వచ్చి మిగిలిన కాగితాలు కూడా చించి చెత్తబుట్టలో వేశాను. ఒంటిగంట అయింది. చాచా నీళ్లు తాగడానికి ఫిల్టరు దగ్గరకు వెళ్లి ఖాళీ బోర్డు చూశాడు.

"లిస్టు యాడ బేటీ?"

"ప్రింటరు చెడిపోయింది చాచా."

ఆయన బల్లమీద బిల్లులు తీస్తూ ఆడుతున్న ప్రింటరును చూశాడు. దగ్గరకు వేసి ఉన్న సావుకారి తలుపును చూశాడు. గ్లాసు బోర్లించాడు.

"అవునవును, పొద్దన్నుంచే చెడిపోయినాది" అని నమాజుకు వెళ్లిపోయాడు.